ఆ నక్షత్రానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది?

అక్టోబరు చివర హాలోవీన్ హడావుడి మొదలైతే చాలు, 'విక్కా' అనే ఆధునిక మంత్రవిద్య సంప్రదాయం మీద పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది: అది మతమా, వేషమా? దాన్ని లోకానికి పరిచయం చేసిన బ్రిటన్‌వాడు జెరాల్డ్ గార్డ్‌నర్ సంగతీ, 1951లో బ్రిటన్ మంత్రవిద్య చట్టాన్ని ఎత్తేసిన సంగతీ చాలామంది రాసేశారు. నా లెక్కలో అసలు మలుపు అమెరికా సైనికుల సమాధి రాళ్ల దగ్గరుంది.

2005 సెప్టెంబరులో అఫ్గానిస్థాన్‌లో హెలికాప్టర్ కూలి నెవాడా నేషనల్ గార్డ్ సార్జెంట్ ఒకాయన చనిపోయాడు. ఆయన విక్కన్. భార్య అడిగింది ఒక్కటే, స్మారకం మీద పెంటకిల్. వృత్తంలో ఐదు కొనల నక్షత్రం అది. భూమి, నీరు, నిప్పు, గాలి, ఆత్మలకు తలా ఒక కొన. మన పంచభూతాలు గుర్తొస్తే తప్పేం లేదు, కొందరు విక్కన్లు ఐదోదాన్ని 'ఆకాశ' అనే అంటారు.

మాజీ సైనికుల శాఖ కుదరదంది. సైనికుల సమాధి రాళ్ల మీద చెక్కడానికి అప్పటికే ఆ శాఖ ఆమోదించిన గుర్తులు 30కి పైగా ఉన్నాయి, నాస్తికులకు కూడా ఒకటుంది. విక్కన్ల దరఖాస్తులు మాత్రం 1990ల చివరి నుంచీ కదల్లేదు. నిబంధనలు సవరిస్తున్నామన్నది శాఖ జవాబు.

చిక్కంతా ఆ పాత నిబంధనల్లోనే ఉంది. మీ మతానికి అధిపతి ఎవరు, ఆయన లేఖ ఏది అని అడిగేవారు. విక్కాలో పీఠాధిపతి లేడు, అందరూ తలొగ్గే గ్రంథమూ లేదు. దేవి, కొమ్ముల దేవుడు, పున్నమి పూజలు, ఏడాదికి 8 పండుగలు, 'ఎవరికీ హాని చేయనంతవరకు నీ ఇష్టం' అనే నియమం: ఎక్కువమందికి ఉమ్మడిగా ఉన్నవి ఇవే. చేసింది మూడింతలై తిరిగొస్తుందన్నది అందరూ నమ్మరు. 'కోవెన్' అనే చిన్న బృందం ఎవరి మాటా వినక్కర్లేదు. ఒంటరిగా వృత్తం గీసుకుని పూజ చేసుకునేవాళ్లూ చాలామందే. (దీన్ని చేతబడి అనకండి. మన ఊళ్లలో అది పక్కవాళ్ల మీద వేసే నింద. వీళ్లు 'విచ్' అన్న పేరు తామే కోరి పెట్టుకున్నారు.)

విక్కా మతమేనని 1986లోనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఒప్పుకుంది. వర్జీనియా ఖైదీ ఒకాయన వేసిన కేసు అది. ఒప్పుకుంటూనే, ఆయనడిగిన ఉప్పు, కొవ్వొత్తులు, ధూపం, తెల్ల అంగీ జైల్లో ఇవ్వనక్కర్లేదంది. 1999లో టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో సైనికులు పూజలు చేసుకోవడంపై కాంగ్రెస్ సభ్యుడు బాబ్ బార్ రచ్చ చేశాడు. అప్పటి గవర్నర్ జార్జ్ బుష్ మంత్రవిద్యను మతమనుకోనని టీవీలో అన్నాడు. ఆయన అధ్యక్షుడయ్యాక దరఖాస్తులు కదలకపోవడానికి ఆ మాటే కారణమని తర్వాత శాఖపై దావా వేసినవాళ్లు వాదించారు.

నెవాడా రాష్ట్రం ఆగలేదు. 2006లో ఆ సార్జెంట్‌కు పెంటకిల్‌తో సొంతంగా ఫలకం చేయించి పెట్టింది. అదే ఏడాది నవంబరులో ఆయన భార్యా, మరికొందరు విక్కన్లూ శాఖపై వేసిన దావా 2007 ఏప్రిల్‌లో రాజీతో ముగిసి, పెంటకిల్ జాబితాకెక్కింది.

అమెరికా సైన్యం తన మతగురువులకిచ్చిన చేతిపుస్తకంలో విక్కా గురించి 1978లోనే రాసుకుంది.