‘తన్ను’ అని చదివితే మెదడులో ఏం కదులుతుంది?

‘తన్నాడు’ అన్న మాట చదివితే కాలు కదలదు. మరి మెదడులో కాలిని నడిపించే భాగం కూడా ఊరికే ఉంటుందా? నాడీ శాస్త్రవేత్తల్లో ఈ వాదన ఇరవై ఏళ్లకు పైగా నడుస్తోంది.

1861లో పాల్ బ్రోకా, 1874లో కార్ల్ వెర్నికె అనే వైద్యులు మాట్లాడటానికీ అర్థం చేసుకోవడానికీ మెదడు ఎడమవైపున వేర్వేరు చోట్లు చూపించారు. భాష ఒక చోట, కదలిక మరో చోట అన్న నమ్మకం చాలాకాలం నిలిచింది. 1990ల్లో ఇటలీలోని పార్మాలో రిజొలాటి బృందం కోతుల మెదడులో కొన్ని కణాలను గమనించింది. కోతి తాను వస్తువును పట్టుకున్నా, ఇంకొకరు పట్టుకుంటుంటే చూసినా అవి స్పందించాయి. చూస్తేనే ఇలా ఉంటే, ఆ పని గురించి చదివితే?

2004లో కేంబ్రిడ్జ్‌లో హౌక్, జాన్స్‌రూడ్, పుల్వర్‌ముల్లర్ అనే పరిశోధకులు అదే పరీక్షించారు. మెదడును చూపే స్కానర్‌లో పడుకున్నవాళ్లు నాకడం, ఏరడం, తన్నడం లాంటి క్రియలను కదలకుండా చదివారు. తర్వాత వాళ్లే నాలుక, వేళ్లు, పాదాలు కదిపారు. చేతి పనులను చెప్పే మాటలకూ కాలి పనులను చెప్పే మాటలకూ చురుకైన చోట్లు, ఆ అవయవాలను కదిపినప్పుడు చురుకైన చోట్లతో కలిశాయి, లేదా పక్కనే ఉన్నాయి. మరుసటి ఏడాది ఇంకో అడుగు వేశారు. మెదడు ఎడమవైపున చేతిని నడిపించే ప్రాంతాన్ని అయస్కాంత తరంగంతో తడితే చేతి మాటలను, కాలి ప్రాంతాన్ని తడితే కాలి మాటలను జనం త్వరగా గుర్తుపట్టారు.

అయినా అసలు చిక్కు తీరలేదు. ముందు అర్థమై, ఆ తర్వాతే కదలిక భాగం మేల్కొంటుండొచ్చు కదా అని 2008లో మేహన్, కారమాజా అనే పరిశోధకులు అడిగారు. చాలా న్యాయమైన ప్రశ్న. దానికి తోడు, వాక్యంలోని కదలిక దిశ, మన చేయి కదలాల్సిన దిశ ఒకటే అయితే చేయి వేగంగా కదులుతుందని 2002లో గ్లెన్‌బర్గ్, కషాక్ చూపిన ఫలితాన్ని తర్వాత 18 ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తే ఆ ప్రభావం కనిపించలేదు. ఈ రంగానికి అది గట్టి దెబ్బే.

నా దృష్టిలో ఇంకా బలంగా నిలిచేది రోగుల నుంచి వచ్చిన ఆధారం. ఒక మాటను కంటికి ఆననంత వేగంగా మెరిపించి, వెంటనే మళ్లీ చూపిస్తే మామూలుగా త్వరగా గుర్తుపడతాం. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో, కదలికలను దెబ్బతీసే పార్కిన్సన్స్ వ్యాధి ఉండి, మందు ప్రభావంలో లేని రోగులకు వస్తువుల పేర్ల విషయంలో ఈ లాభం దక్కింది, పనులను చెప్పే క్రియలకు దాదాపు దక్కలేదు. ఆ వ్యాధికి వాడే లెవోడోపా అనే మందు ఇచ్చాక క్రియలకూ అది తిరిగొచ్చింది.