గ్లీసన్ 6: ఇప్పటి రగడకు మూలం 2005లో

మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి బయాప్సీ రిపోర్టులో ‘గ్లీసన్ 3+3=6’ అని వస్తే దాన్ని క్యాన్సర్ అనాలా, వద్దా? ఈ వాదన మళ్లీ రాజుకుంది. ఆ పేరు తీసేయాల్సిన సమయం వచ్చిందని 2022లో స్కాట్ ఎగెనర్, మరికొందరు డాక్టర్లు ఒక వైద్య పత్రికలో రాశారు. అప్పటినుంచి ఇది చల్లారినట్టే చల్లారి మళ్లీ లేస్తోంది. ప్రొస్టేట్ విడుదల చేసే ఒక ప్రొటీన్‌ను కొలిచే పీఎస్ఏ రక్తపరీక్షతో కేసులు బయటపడటం, ప్రమాదం లేనివాళ్లకూ ఆపరేషన్లు జరగడం అందరికీ తెలిసిన కథే. కానీ నేడు వాదనకు దిగినవాళ్లు చూపిస్తున్న లెక్కలు అర్థం కావాలంటే 2005 దగ్గర ఆగాలి.

డొనాల్డ్ గ్లీసన్ 1966లో ఇచ్చిన పద్ధతి మామూలుది కాదు. కణాల కేంద్రకాలను పట్టించుకోకుండా, గ్రంథులు ఎలా అమరి ఉన్నాయో తక్కువ మాగ్నిఫికేషన్‌లో చూసి 1 నుంచి 5 దాకా నమూనాలు గీశాడాయన; అంకె పెరిగేకొద్దీ జబ్బు తీవ్రం. ఎక్కువ మేర ఉన్న నమూనా, దాని తర్వాతది కలిపితే స్కోరు. రోగి గతి ఏమవుతుందో ఆ అంకె బాగానే చెప్పింది.

అయితే ఆయన గీసిన 3లో ఒక చిక్కు ఉండిపోయింది. గ్రంథులు విడివిడిగా ఉండకుండా ఒకదానిలో ఒకటి కలిసి, జల్లెడలా రంధ్రాలతో కనిపించే క్రిబ్రిఫాం రూపాన్ని ఆయన చాలావరకు 3లోనే పెట్టాడు. అది ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టడం ఎక్కువని తర్వాత తేలింది. 2005లో అంతర్జాతీయ యూరాలజీ పాథాలజిస్టుల సంఘం శాన్ ఆంటోనియోలో సమావేశమై దానిలో అధిక భాగాన్ని 4లోకి నెట్టింది. సూది బయాప్సీలో 2, 3, 4 స్కోర్లు దాదాపు ఇవ్వొద్దంది. 2014లో షికాగోలో మిగిలిన క్రిబ్రిఫాంనూ 4లో చేర్చారు. దాంతో పదికి గాను ఉన్న కొలబద్ద ఆచరణలో 6 దగ్గర మొదలవుతోంది. 6 అనగానే సగం దాటిపోయిందని రోగి హడలిపోవడానికి కారణం ఇదే.

నిజానికి సమావేశం చేసింది అప్పటికే జరుగుతున్న మార్పును కాగితం మీద పెట్టడమే. అమెరికాలోని కనెటికట్‌లో 1990-92లో జబ్బు బయటపడిన 1,858 మంది స్లైడ్లను పదేళ్ల తర్వాత మళ్లీ చదివిస్తే సగటు స్కోరు 5.95 నుంచి 6.8కి పెరిగింది. స్లైడ్లు అవే, మనుషులూ వాళ్లే. తేలికపాటి కేసులు పై స్కోర్లలోకి చేరడంతో, కొత్త స్కోర్ల ప్రకారం లెక్కగడితే మాత్రం మరణాల రేటు 28 శాతం తగ్గినట్టు కనిపించింది. ఈ ఫలితం అచ్చయింది కూడా 2005లోనే.

పేరు మార్చాలనేవారి ప్రధాన ఆధారం 2012 నాటిది. ప్రొస్టేట్ తీసేసిన తర్వాత 6 లేదా అంతకు తక్కువ స్కోరు వచ్చిన 14,123 కేసుల్లో 22 మందికే లింఫ్ గ్రంథుల్లో జబ్బు కనిపించింది. అందులో దొరికిన 19 స్లైడ్లను తిరిగి చూస్తే ఒక్కటీ అసలైన 6 కాదు. చాలావరకు 2005కు ముందు చదివినవే. వాటిలో ఎక్కువగా తేలింది క్రిబ్రిఫామే. అంటే పాకే గుణం ఉన్నదాన్ని 6లోంచి తీసేశాక మిగిలిన 6 పాకడం లేదు. రోగి భయం తగ్గుతుందని, అక్కర్లేని ఆపరేషన్లు, వాటి వెంట వచ్చే మూత్రం ఆగని బాధ తప్పుతాయని వాళ్ల వాదన.

పాథాలజిస్టులు చాలామంది ఒప్పుకోనిది ఇక్కడే. మైక్రోస్కోపు కింద 6లోనూ గ్రంథుల చుట్టూ ఉండాల్సిన బేసల్ కణాల పొర ఉండదు, కణాలు పక్క కణజాలంలోకి చొచ్చుకుపోతాయి, నరాల చుట్టూ చేరతాయి, ఒక్కోసారి ప్రొస్టేట్ అంచూ దాటతాయి; ఇవన్నీ క్యాన్సర్ లక్షణాలే. పైగా 2012 నాటి లెక్క మొత్తం గ్రంథిని కోసి చూసింది. బయాప్సీకి అందేది వెంట్రుకల్లాంటి కొన్ని సన్నని పోగులు మాత్రమే. జాన్స్ హాప్కిన్స్ పరిశీలనలో బయాప్సీలో 5 లేదా 6 వచ్చినవారిలో మూడోవంతుకు పైగా మందికి ఆపరేషన్ తర్వాత స్కోరు పెరిగింది. క్యాన్సర్ కాదని చెప్పి పంపేస్తే వాళ్లలో ఎంతమంది తిరిగి పరీక్షలకు వస్తారు? ఈ ప్రశ్నకు అవతలి పక్షం ఇచ్చే జవాబు, ఆపరేషన్ చేయకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉండే నిఘా ఎలాగూ కొనసాగుతుందనే.

భయం తగ్గించే పని కొంత 2014 సమావేశం చేసింది. 6ను గ్రేడ్ గ్రూప్ 1 అంది. 3+4ను 2గా, 4+3ను 3గా విడదీసింది. రెండూ 7లే అయినా ఇరవై వేలమందికి పైగా ఆపరేషన్ ఫలితాల్లో అయిదేళ్లకు పీఎస్ఏ తిరిగి పెరగనివారు మొదటిదానిలో 88 శాతం, రెండోదానిలో 63 శాతం. గ్రూప్ 1లో 96, అన్నిటికన్నా తీవ్రమైన గ్రూప్ 5లో 26.

6కూ 7కూ మధ్య గీత మళ్లీ జరుగుతోంది కూడా. గ్రంథి నాళాల్లో నిండే ఇంట్రాడక్టల్ రూపాన్ని స్కోరులో కలపాలని 2019లో ఆ అంతర్జాతీయ సంఘమే తేల్చింది. జెనిటోయూరినరీ పాథాలజీ సొసైటీ మాత్రం కలపొద్దు, రిపోర్టులో విడిగా రాయండి చాలంది. ఆ రూపంతో పాటు 3+3 ఉన్న స్లైడ్ ఒకరి లెక్కలో 6గానే మిగులుతుంది, మరొకరి లెక్కలో 7 అవుతుంది.