పది రూపాయల బిళ్ల, నూరు గజాల దూరం

డాలస్‌లో ఉండే మా బావమరిది ఈ మధ్య రైఫిల్ ప్రాక్టీసులో పడ్డాడు. శనివారం వస్తే ఊరి బయట రేంజ్‌కి వెళ్లి కాగితాలకు చిల్లులు పెట్టి వస్తాడు. యాభై గజాల దగ్గర చెయ్యి కుదిరింది, ఇప్పుడు నూరు, రెండు నూర్లు, మూడు నూర్లు అంటున్నాడు. మొన్న మూడు స్కోపుల (తుపాకీ మీద బిగించే టెలిస్కోపుల) లింకులు పంపి, “బావా, 25 రెట్లు చాలా, 35 రెట్లది తీసుకోమంటావా?” అని అడిగాడు. నేను తుపాకీ పట్టినవాణ్ణి కాదు. నా పిచ్చంతా లెన్సులు, టెలిస్కోపులు. అందుకే కాబోలు నన్ను అడిగాడు. నేను ఎదురు ప్రశ్న వేశాను: “కాల్చేది ఏ టార్గెట్ మీదరా?” “ఏదో ఒకటి, అక్కడ కౌంటర్లో అమ్మే నల్ల గుండ్రం కాగితం” అన్నాడు.

స్కోపు మీద వేల రూపాయలు పోసేవాళ్లు చాలామంది కాగితాన్ని ఇలాగే తీసిపారేస్తారు. నా లెక్కలో మాత్రం ముందు కాగితం, తర్వాతే గాజు.

దూరంగా ఉన్న వస్తువు ఎన్ని అంగుళాలు ఉందన్నది కంటికి తెలియదు, దానికి తెలిసేది కోణమే. ఒక డిగ్రీని అరవై ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక నిమిషం. షూటర్లు ఎంఓఏ అని పిలిచేది దీన్నే. మన పది రూపాయల బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు. దాన్ని నూరు గజాల అవతల నిలబెడితే మన కంటి దగ్గర చేసే కోణం దాదాపు సరిగ్గా ఒక నిమిషం. కళ్ల డాక్టరు 6/6 అని రాసిచ్చే చూపుకు హద్దు కూడా సుమారుగా ఇదే. అంతకంటే దగ్గరదగ్గరగా ఉన్న రెండు గీతలు కంటికి ఒక్కటిగా అతుక్కుపోతాయి. అదే నిమిషం 300 మీటర్ల దగ్గర 8.7 సెంటీమీటర్లు అవుతుంది.

ఇప్పుడు అంతర్జాతీయ పోటీల టార్గెట్లు చూడండి. 300 మీటర్ల కాగితంలో నల్ల గుండ్రం అడ్డంగా 60 సెంటీమీటర్లు, పది పాయింట్ల వలయం 10 సెంటీమీటర్లు. 50 మీటర్ల కాగితంలో నలుపు 11.24 సెంటీమీటర్లు, పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. రెండు నలుపుల మధ్య అయిదు రెట్లకు పైగా తేడా. కోణంలోకి మార్చితే మొదటిది సుమారు 6.9 నిమిషాలు, రెండోది 7.7. అంటే షూటర్ కంటికి రెండూ ఇంచుమించు ఒకే సైజు.

తమాషా ఏమిటంటే, 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం ముప్పావు నిమిషం కూడా లేదు. అది మామూలు కంటికి ఆనదు. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోపు పెట్టుకోనివ్వరు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అయితే పది అంటే అర మిల్లీమీటరు చుక్క. కనపడని దాన్ని ఎలా కొడతారు? వాళ్లు చుక్కను చూడరు. కంటి ముందు ఒక సన్నటి రంధ్రం, తుపాకీ కొసన ఒక రింగు, ఆ రింగులో నల్ల గుండ్రం. నలుపు చుట్టూ తెల్లటి అంచు అన్ని వైపులా సమానంగా ఉందా లేదా అన్నదే చూస్తారు. రెండు గీతలను విడదీసి చూడటంలో మన కన్ను నిమిషం దగ్గర ఆగిపోతుంది కానీ, రెండు అంచులు సరిగా కుదిరాయా అని చెప్పడంలో నిమిషంలో పదో వంతు తేడాను కూడా పట్టేస్తుంది. వంటింట్లో కొలత గ్లాసు లేకుండానే రెండు గ్లాసుల్లో పాలు సమంగా పోసే అమ్మలందరికీ ఇది తెలిసిన విద్యే.

కాబట్టి నల్ల గుండ్రం రింగు సైటు కోసం, అంటే ఈ రంధ్రం, రింగుల గురి అమరిక కోసం పుట్టింది. మా వాడు దాన్ని స్కోపుతో వాడుతున్నాడు. స్కోపులో ఉండేది సన్నటి నల్ల అడ్డగీత, నిలువుగీత. నల్ల గీతలు నలుపు మీదికి వెళ్లగానే మాయమవుతాయి, ఇంక మధ్య ఎక్కడో ఊహించుకోవాల్సిందే. స్కోపుకు తెల్ల కాగితం మీద నిలువుగా తిప్పి పెట్టిన చతురస్రం, డైమండ్ ఆకారంలో, మధ్య తెల్లగా వదిలేసింది మంచిది. క్రాస్‌హెయిర్ గీతలు నాలుగు మూలలనూ కోస్తున్నాయో లేదో కన్ను ఇట్టే చెబుతుంది. ఇది ఇంట్లో ప్రింటరు మీద తీసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

రేంజ్ పొడవు నూరు గజాలే అయినా మూడు వందల మీటర్ల టార్గెట్‌ను చిన్నది చేసి ప్రాక్టీసు చేయొచ్చు. అయితే మూడో వంతుకు తగ్గిస్తే సరిపోతుందనుకుంటే పొరపాటు. బుల్లెట్ గీతను తాకితే ఎక్కువ పాయింటే ఇస్తారు, కాగితం చిన్నదైనా బుల్లెట్ చిన్నదవదు కదా. 7.62 మిల్లీమీటర్ల బుల్లెట్‌కు, 300 మీటర్ల దగ్గర పది సెంటీమీటర్ల వలయాన్ని 100 మీటర్లకు తెస్తే 33 మిల్లీమీటర్లు కాదు, సుమారు 28 గీయాలి. లేకపోతే ఇంటి దగ్గర వచ్చే స్కోరు చూసి మురిసిపోయి, అసలు దూరంలో బోర్లా పడతాం. పైగా గాలి చిన్నదవదు. దూరం మూడింతలైతే పక్కగాలికి బుల్లెట్ జరిగేది మూడింతలు కాదు, సుమారు తొమ్మిదింతలు. చవగ్గా ఇది నేర్చుకోవాలంటే .22 రైఫిలే (5.6 మిల్లీమీటర్ల బుల్లెట్‌ది) గురువు. యాభై మీటర్లకు గురి కుదిర్చిన ఆ నెమ్మది బుల్లెట్ నూరు మీటర్ల దగ్గర దాదాపు జానెడు కిందికి జారుతుంది, చిన్న గాలికి కూడా పక్కకు పోతుంది.

ఇక గాజు సంగతి. మా వాడికి 35 రెట్లు ఎందుకు కావాలంటే, తాను పెట్టిన చిల్లు తనకు కనపడాలట. న్యాయమైన కోరికే, లెక్క వేద్దాం. .22 చిల్లు 5.6 మిల్లీమీటర్లు. 300 మీటర్ల నుంచి అది నిమిషంలో పదిహేనో వంతు. అంటే నలుపు తెలుపు తేడా బాగుంటే, గాలి కదలకుండా ఉంటే, 15 రెట్లకు కష్టమ్మీద కంటికి ఆనుతుంది. హాయిగా కనపడాలంటే దానికి మూడింతల జూమ్ కావాలి. నల్ల కాగితంలో నల్ల చిల్లు అయితే అదీ చాలదు. ఇక్కడే కాగితం గాజు పని చేస్తుంది: పై నల్ల పూత పెచ్చులూడి కింద పసుపుపచ్చ రంగు బయటపడే స్టిక్కర్లు దొరుకుతాయి. బుల్లెట్ తగలగానే చిల్లు చుట్టూ చిల్లు కంటే పెద్ద పచ్చటి మచ్చ లేస్తుంది. స్టిక్కర్ల ప్యాకెట్టు ధర, స్కోపుల ధరల తేడా పక్కపక్కన పెట్టి చూసుకోమన్నాను. చిల్లులు చూడటానికి ట్రైపాడ్ మీద పెట్టే స్పాటింగ్ స్కోపు వేరే ఉంది, 20 నుంచి 60 రెట్ల జూమ్‌తో. కాల్చే స్కోపుతోనే అన్నీ చూడాలనుకోవడం గరిటెతో కూరగాయలు తరగడం లాంటిది.

అసలు 60 రెట్లు పెట్టినా మధ్యాహ్నం పూట కనపడేది బొమ్మ కాదు, జాలువారే నీళ్లు. ఏప్రిల్‌లో కర్నూలు నుంచి అనంతపురం రోడ్డు మీద వెళ్లినవాళ్లకు ఎండమావుల గురించి చెప్పక్కర్లేదు. నేల వేడికి గాలి వేడెక్కి పైకి లేస్తుంది. వేడి గాలి, చల్ల గాలి వెలుగును వేరువేరుగా వంచుతాయి. ఆ కలగాపులగంలోంచి వచ్చే బొమ్మ వణుకుతుంది. మేం నక్షత్రాలు చూసేవాళ్లం దీన్ని జీవితమంతా తిట్టుకుంటూ ఉంటాం. 50 మిల్లీమీటర్ల లెన్సు లెక్క ప్రకారం సుమారు 2.3 సెకన్ల కోణం దాకా విడదీసి చూపగలదు (కోణంలోనూ నిమిషానికి అరవై సెకన్లే), అంటే నిమిషంలో ఇరవై ఆరో వంతు. పగటిపూట నేల దగ్గరి గాలి దాన్ని ఆ పని చేయనివ్వదు. జూమ్ పెంచితే టార్గెట్‌తో పాటు వణుకూ పెరుగుతుంది. అనుభవమున్న షూటర్లు మాత్రం ఈ వణుకును కూడా వాడుకుంటారు. స్పాటింగ్ స్కోపు ఫోకస్‌ను టార్గెట్ కంటే కాస్త ఇవతలికి తెచ్చి, ఆ సెగ అలలు ఎటు పారుతున్నాయో చూసి గాలి దిక్కు, జోరు చదువుతారు. అలలు నిట్టనిలువుగా పైకే లేస్తుంటే ఆ క్షణాన పక్కగాలి లేనట్టు. ఇంకో సెగ వాళ్ల తుపాకీదే. పది రౌండ్లు కాల్చాక వేడెక్కిన బ్యారెల్ (తుపాకీ గొట్టం) మీంచి లేచే వేడి గాలి సరిగ్గా స్కోపు ముందునుంచే పోతుంది. అందుకే కొందరు బ్యారెల్ పొడవునా ఒక వెడల్పు పట్టీ లాగి కడతారు.

జూమ్ పెంచితే ఇంకో రెండు నష్టాలు. మొదటిది వెలుగు: ముందు లెన్సు వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతి కట్ట మందం వస్తుంది. 50ని 10తో భాగిస్తే 5 మిల్లీమీటర్లు, 25తో అయితే 2. తల వెంట్రుకవాసి కదిలినా బొమ్మ చీకటైపోతుంది. రెండోది సొంత వణుకు. 25 రెట్లలో గుండె కొట్టుకోవడం కూడా క్రాస్‌హెయిర్ మీద కనపడుతుంది. అది చూసి టెన్షన్ పడి, గీత మధ్యకు రాగానే ట్రిగ్గర్ గుంజేస్తారు కొత్తవాళ్లు. తక్కువ జూమ్‌లోనూ ఆ వణుకు అంతే ఉంటుంది, కనపడదు కాబట్టి వేలు నెమ్మదిగా పని చేస్తుంది.

స్కోపు కొనేటప్పుడు నేనైతే జూమ్ అంకె కంటే ముందు పక్కనుండే ఫోకస్ మర చూస్తాను. బండి వెనక సీటులో కూర్చుంటే స్పీడోమీటరు ముల్లు వేరే అంకె మీద ఉన్నట్టు కనపడుతుంది కదా, ముల్లు ఒకచోట, అంకెలు దాని వెనక ఉండబట్టి. దీన్నే పారలాక్స్ అంటారు. స్కోపులో కూడా టార్గెట్ బొమ్మ, క్రాస్‌హెయిర్ ఒకే తలంలో పడకపోతే తల జరిగినప్పుడల్లా గురి జరుగుతుంది. 40 మిల్లీమీటర్ల స్కోపును 100 మీటర్లకు సరిచేసి 300 మీటర్ల దగ్గర వాడితే, తల అంచుకు పోయినప్పుడు తేడా 4 సెంటీమీటర్ల దాకా రావచ్చు. పది పాయింట్ల వలయం వ్యాసార్థం 5 సెంటీమీటర్లే. పరీక్ష తేలిక: ఖాళీ రైఫిల్‌ను ఇసుక బస్తాల మీద కదలకుండా పెట్టి, తల మాత్రం అటూ ఇటూ ఆడించి చూడాలి. క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జారితే మర తిప్పాలి.

ఇనుప పలకల సరదా కూడా ఉంది మా వాడికి. తగలగానే టంగుమని మోగుతుంది, చూడాల్సిన పని లేదు. 300 మీటర్ల నుంచి ఆ శబ్దం వెనక్కి రావడానికి సుమారు 0.9 సెకను పడుతుంది, బుల్లెట్ వెళ్లే సమయం వేరే. ఆ నిరీక్షణలోనే ఉందట మజా. పలక మాత్రం రైఫిల్‌కు తగిన గట్టి ఉక్కుదై ఉండాలి, ముఖం కాస్త కిందికి వాల్చి వేలాడదీయాలి. మెత్తటి ఇనుమైతే గుంటలు పడి, ఆ గుంటలు తర్వాతి బుల్లెట్ల ముక్కలను కాల్చినవాడి మీదికే విసురుతాయి. కళ్లద్దాలు, వెనక మట్టికట్ట, రేంజ్ చెప్పిన కనీస దూరం, వీటిలో బేరాల్లేవు. నేర్చుకునేవాడికి పలక ఒక్కటే చాలదంటాను. తగిలిందని చెబుతుంది కానీ, ఎంత పక్కన తగిలిందో చెప్పదు.

ఒకప్పుడు పెద్ద పోటీలన్నీ ఇనుప పలకల మీదే. 1874లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మోర్‌లో అమెరికా, ఐర్లండ్ జట్లు 800, 900, 1000 గజాల దూరాల్లో తలపడ్డాయి. టెలిస్కోపులు లేవు, రంధ్రపు సైట్లే. ఐర్లండ్ షూటర్ మిల్నర్ చక్కగా నడిమధ్యన కొట్టాడు, పక్క టార్గెట్ మీద. నడిమధ్యకు 4 పాయింట్లు, ఆయనకు వచ్చింది సున్నా. చివరి స్కోరు 934-931, అమెరికా గెలిచింది.

సరిగ్గా 130 ఏళ్ల తర్వాత, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ 50 మీటర్ల ఫైనల్లో అమెరికా వాడికే అదే గతి పట్టింది. మాథ్యూ ఎమన్స్ మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు, చివరి బుల్లెట్‌కు 7.2 వస్తే చాలు. కాల్చాడు. స్క్రీన్ మీద ఏమీ పడలేదు. రెండో లేన్‌లో నిలబడి పక్కనున్న మూడో లేన్ టార్గెట్‌ను కొట్టాడు. స్వర్ణం చైనాకు పోయింది, ఆయన ఎనిమిదో స్థానానికి జారిపోయాడు. సైటు రంధ్రంలోంచి చూస్తే ఒక్క నల్ల గుండ్రమే కనపడుతుంది, పక్కవాడి గుండ్రం కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఎమన్స్ అలవాటు ప్రకారం ముందు టార్గెట్ పైనున్న నంబరు చూసి, అక్కడినుంచి సైటు కిందికి దించేవాడు. ఆ ఒక్కసారి నంబరు చూడలేదు.

స్కోపులో జూమ్ పెంచినకొద్దీ కనపడే మేర తగ్గుతుంది, చుట్టుపక్కల ఏముందో తెలియదు. మా బావమరిది చివరకు 4 నుంచి 16 రెట్ల స్కోపు, ఒక కట్ట స్టిక్కర్లు కొన్నాడు. మొన్న వాట్సాప్‌లో పంపిన ఫోటోలో కాగితం పైమూల మార్కర్‌తో అరచేయంత “7” రాసి ఉంది. అది వాడి లేన్ నంబరు.