యాంటీబాడీ వయల్‌లోకి ఆల్బుమిన్ ఎలా చేరింది, లేబులింగ్‌కు ముందు దాన్ని ఎందుకు తీయాలి

కొన్న యాంటీబాడీకి ఫ్లోరెసెంట్ రంగో, బయోటినో మనమే తగిలించుకోవాలనుకుంటే ముందుగా చూడాల్సింది డేటాషీట్‌లో బఫర్ గురించి రాసిన లైను. అక్కడ 1% బీఎస్‌ఏ (పశువుల రక్తం నుంచి తీసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్) అనో, జెలటిన్ అనో ఉంటే కిట్ తెరవకముందే చేయాల్సిన పని ఇంకొకటి ఉన్నట్టే. చాలామంది ఆ లైను చదవరు. లేబులింగ్ కుదరకపోతే తప్పు కిట్‌దేననుకుంటారు.

చిన్న లెక్క వేస్తే సంగతి తెలిసిపోతుంది. మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము యాంటీబాడీ ఉన్న వయల్‌లో 1% బీఎస్‌ఏ అంటే 10 మిల్లీగ్రాములు. బరువులో వంద రెట్లు. ఐజీజీ (మామూలుగా వాడే యాంటీబాడీ రకం) అణువు బరువు సుమారు 150 కిలోడాల్టన్లు, బీఎస్‌ఏది 66. అంటే ఒక్కో యాంటీబాడీ అణువు చుట్టూ రెండు వందలకు పైగా ఆల్బుమిన్ అణువులు ఉన్నట్టు. లేబులింగ్‌కు ఎక్కువగా వాడే ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ రసాయనం ప్రోటీన్లలోని లైసిన్ అనే అమైనో ఆమ్లాల మీది ఎమీన్‌లను (నైట్రోజన్ ఉన్న గుంపులను) పట్టుకుంటుంది. అవి ఏ ప్రోటీన్‌వో దానికి అక్కర్లేదు. ఒక్క బీఎస్‌ఏ అణువులోనే 59 లైసిన్లున్నాయి. కాబట్టి వేసిన రంగులో నూటికి తొంభై తొమ్మిది వంతులు ఆల్బుమిన్‌కే పోతాయి. యాంటీబాడీకి దాదాపు ఏమీ మిగలదు.

మరి ఇంత అడ్డమైన ప్రోటీన్‌ను అందులో ఎవరు, ఎందుకు కలిపారు?

యాంటీబాడీకి రంగు తగిలించడం మొదలైనప్పుడు ఈ చిక్కు సరిగ్గా ఇంకోవైపు నుంచి ఉండేది. 1941లో హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ బృందం న్యూమోకాకస్ బ్యాక్టీరియాను గుర్తించే యాంటీబాడీకి ఫ్లోరెసెంట్ రంగును కలిపింది. అప్పట్లో యాంటీబాడీ అంటే జంతువు సీరం నుంచి తీసుకోవాల్సిందే. సీరంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఆల్బుమినే. అమోనియం సల్ఫేట్‌ను సగం సంతృప్తత దాకా కలిపితే గ్లోబ్యులిన్లు అడుగున పేరుకుంటాయి, ఆల్బుమిన్ ద్రావణంలోనే ఉండిపోతుంది. 19వ శతాబ్దం నుంచీ తెలిసిన ఈ పద్ధతితో ముందు ఆల్బుమిన్‌ను వదిలించుకుని, ఆ తర్వాతే లేబులింగ్‌కు దిగేవారు. కూన్స్ వాడిన ఐసోసైనేట్‌ను తయారు చేయాలంటే విషవాయువు ఫాస్జీన్ కావాలి. 1958లో ఫ్లోరెసీన్ ఐసోథయోసైనేట్ రావడంతో ఆ ప్రమాదం తప్పి, లేబులింగ్ మామూలు ల్యాబ్‌లకూ అందింది.

అదే హార్వర్డ్‌లో, అదే 1940ల్లో ఎడ్విన్ కోన్ రక్తంలోని ప్రోటీన్లను చల్లని ఆల్కహాల్‌తో భాగాలుగా విడదీస్తున్నారు. యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం ఆల్బుమిన్ కావాలి. ఆయన పద్ధతిలో ఐదో భాగంగా వచ్చేది అదే. ఇప్పటికీ బీఎస్‌ఏ డబ్బా మీద ‘ఫ్రాక్షన్ ఫైవ్’ అని కనిపించేది అందుకే. పశువుల ఆల్బుమిన్‌ను మనుషులకు ఎక్కించే ప్రయత్నమూ జరిగింది గానీ రియాక్షన్లు రావడంతో మానేశారు. అయితే కబేళాల రక్తం నుంచి చవగ్గా, శుభ్రంగా, ఎంత కావాలంటే అంత తీయగలిగే ప్రోటీన్ ఒకటి ల్యాబ్‌లకు దొరికింది. ప్రోటీన్ కొలతలకు ప్రమాణంగా, కణాల పెంపకంలో, 1971లో ఎలైజా అనే యాంటీబాడీ పరీక్ష వచ్చాక బ్లాకింగ్‌కు (ఖాళీ చోట్లలో యాంటీబాడీ ఊరికే అంటకుండా కప్పడానికి), ఇలా బీఎస్‌ఏ వాడకం అన్ని చోట్లా పాకింది.

స్టెబిలైజర్‌గా దాని పని నిజంగానే విలువైనది. పలుచగా ఉన్న యాంటీబాడీ ప్లాస్టిక్ గోడలకు అంటుకుపోతుంది, గడ్డకట్టించి కరిగించిన ప్రతిసారీ కొంత పాడవుతుంది. చుట్టూ ఆల్బుమిన్ దండిగా ఉంటే గోడలను అదే కప్పేస్తుంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ మోనోక్లోనల్ (ఒకే కణం సంతతి నుంచి వచ్చే, అన్నీ ఒకేలా ఉండే) యాంటీబాడీల పద్ధతిని చూపించాక వాటి అమ్మకం ఒక పెద్ద వ్యాపారమైంది. అప్పటి వాడకందారుల్లో ఎక్కువమంది ప్రైమరీ యాంటీబాడీని (లక్ష్యాన్ని పట్టుకునేదాన్ని) ఉన్నదున్నట్టే వేసి, దాని మీద లేబుల్ ఉన్న సెకండరీని (ప్రైమరీని పట్టుకునే యాంటీబాడీని) వేసేవారు. వాళ్ళకు బీఎస్‌ఏతో ఏ ఇబ్బందీ లేదు, పైగా మేలే. ఆ అవసరానికి తగ్గట్టు కుదిరిన ఫార్ములానే మనకు వారసత్వంగా వచ్చింది. దాన్ని తప్పుపట్టలేం. కానీ అవసరం మారాక కూడా వయల్‌లో ఏముందో డేటాషీట్‌లో ఏ మూలనో రాసి వదిలేయడం మాత్రం సరికాదని నా అభిప్రాయం.

అవసరం నిజంగానే మారింది. 1993లో సయనైన్ రంగులు ఎన్‌హెచ్‌ఎస్ రూపంలో వచ్చాయి. ఒకే కణజాలంలో నాలుగైదు ప్రోటీన్లను చూడాలంటే, అన్ని ప్రైమరీలూ కుందేలువే అయినప్పుడు సెకండరీ వాటిని వేరుచేయలేదు. నేరుగా లేబుల్ చేయక తప్పదు. 2009 నాటికి లోహపు ట్యాగులతో మాస్ సైటోమెట్రీ, 2017లో డీఎన్‌ఏ ముక్కలు తగిలించిన యాంటీబాడీలతో సైట్‌-సెక్ వచ్చాయి. ఒక్కో ప్రయోగానికి పదుల కొద్దీ యాంటీబాడీలను లేబుల్ చేయాల్సిన రోజులివి.

ఇక తీసే పద్ధతుల దగ్గరే ఎక్కువమంది తడబడతారు. డీసాల్టింగ్ కాలమ్ వేస్తే సరిపోతుందనుకుంటారు. అది ట్రిస్, గ్లైసిన్, అజైడ్ లాంటి చిన్న అణువులనే తీస్తుంది, బీఎస్‌ఏ యాంటీబాడీతో పాటే బయటికి వచ్చేస్తుంది. 30 లేదా 50 కిలోడాల్టన్ల స్పిన్ ఫిల్టర్‌లోనూ (అంతకన్నా చిన్న అణువులనే కిందికి వదిలేది) ఆల్బుమిన్ పైనే ఉండిపోతుంది. 100 కిలోడాల్టన్లదైతే కొంత కిందికి దిగుతుంది, ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు, ఎందుకంటే బీఎస్‌ఏలో జంటలుగా అతుక్కున్న అణువులూ ఉంటాయి. జెలటిన్ ముక్కలైతే ఒకే సైజులో ఉండవు కాబట్టి ఫిల్టర్‌ను నమ్ముకోలేం.

నమ్మకమైన దారి ప్రోటీన్ ఏ లేదా ప్రోటీన్ జీ కాలమ్. యాంటీబాడీ అంటుకుంటుంది, బీఎస్‌ఏ, జెలటిన్ కారిపోతాయి. ఇందులోనూ మెలకువలున్నాయి. ఎలుక జాతుల యాంటీబాడీల్లో మౌస్ ఐజీజీ1, ర్యాట్ ఐజీజీ ప్రోటీన్ ఏకు సరిగా అంటవు, వాటికి ప్రోటీన్ జీ మేలు. సహజమైన ప్రోటీన్ జీకి ఆల్బుమిన్‌ను పట్టుకునే భాగం కూడా ఉంటుంది, అది తీసేసిన రీకాంబినెంట్ రకమే తీసుకోవాలి. చవక బీఎస్‌ఏలో పశువుల ఐజీజీ ఆనవాళ్ళుంటే అవీ కాలమ్‌కు అంటుకుంటాయి. అసలు యాంటీబాడీ అంత తక్కువ ఉన్నచోట ఆ ఆనవాళ్ళు కూడా లెక్కలోకి వస్తాయి. ఆఖర్న యాంటీబాడీని విడిపించడానికి పీహెచ్ 3 దగ్గరి గ్లైసిన్, వెంటనే ఆ ఆమ్లతను తటస్థం చేయడానికి ట్రిస్ వాడతారు. రెండింటిలోనూ ఎమీన్‌లున్నాయి! డయాలిసిస్‌తో ఈ చిన్న అణువులను తీసేయకుండా రంగు కలిపితే ఆల్బుమిన్ తిన్న రంగును ఇప్పుడు ఇవి తింటాయి. అమోనియం సల్ఫేట్‌తో అవక్షేపించినా అదే జాగ్రత్త.

శుద్ధి అయ్యిందో లేదో 280 నానోమీటర్ల రీడింగ్ (ఏ ప్రోటీనైనా సరే, అది పీల్చుకునే కాంతి కొలత) చెప్పదు. పైన లెక్క వేసిన వయల్‌లో ఆ రీడింగ్ దాదాపు 6.8 వస్తే, అందులో యాంటీబాడీ వాటా 0.14 మాత్రమే. దాన్ని నమ్మి రంగు పాళ్ళు లెక్కేస్తే మొత్తం తారుమారు. రెడ్యూసింగ్ జెల్ (ప్రోటీన్ గొలుసులను విడదీసి సైజు ప్రకారం వేరుచేసేది) మీద కొద్దిగా నడిపి చూడాలి. 50, 25 కిలోడాల్టన్ల దగ్గర యాంటీబాడీ గొలుసుల రెండు బ్యాండ్లు ఉండి, 66 దగ్గర ఏమీ లేకపోతే బీఎస్‌ఏ పోయినట్టే.

ఇప్పుడు కంపెనీలు చాలా యాంటీబాడీ క్లోన్‌లను (రకాలను) బీఎస్‌ఏ లాంటి క్యారియర్ ప్రోటీన్ లేకుండా కూడా అమ్ముతున్నాయి. గ్లిసరాల్, ట్రెహలోజ్ లాంటివి ఎమీన్‌లు లేకుండానే యాంటీబాడీని కాపాడగలవు. ఆ రకం దొరికితే కాస్త ఎక్కువ ఖర్చైనా అదే తీసుకోవాలి. కాలమ్ మీద పోగొట్టుకునే యాంటీబాడీ అంతకన్నా ఖరీదైనది, 100 మైక్రోగ్రాముల వయల్‌లో ఆ నష్టం మరీ కనిపిస్తుంది.