ఆయిల్ మూత కింద మీగడ చూసి ఇంజిన్ విప్పించకండి

డిసెంబరు వచ్చిందంటే అనంతపురంలోని మా షెడ్డుకు వారానికి ఇద్దరు ముగ్గురు ఒకే భయంతో వస్తారు. బైకు ఇంజిన్ ఆయిల్ మూత తీస్తే అడుగున పాల మీగడలా తెల్లటి జిగురు ఉంటుంది. అప్పటికే ఎవరో ఒకరు వాళ్లకు చెప్పి ఉంటారు: "హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ సిలిండర్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది, ఇంజిన్ విప్పాలి." ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఈ ఒక్క మాట నమ్మి అనవసరంగా విప్పించిన ఇంజిన్లు ఎన్నో చూశాను.

అపోహ: మీగడ కనిపిస్తే గ్యాస్కెట్ పోయినట్టే.

వాస్తవం: ముందు మీ బండికి రేడియేటర్ ఉందో లేదో చూడండి. మన ఊళ్లో తిరిగే 100, 125 సీసీ బండ్లలో అత్యధికం గాలితో చల్లబడేవే. వాటిలో కూలెంటే, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమే, ఉండదు. లేని కూలెంట్ గ్యాస్కెట్ దాటి ఆయిల్‌లోకి ఎలా వస్తుంది? రేడియేటర్ ఉన్న బండి అయితే కూలెంట్ మట్టం తగ్గుతోందేమో కొన్నాళ్లు గమనించండి. తగ్గుతుంటే అప్పుడు అనుమానించాలి.

మీగడ అంటే ఆయిల్‌లో నీరు కలిసినట్టే. మరి ఆ నీరు ఎక్కడిది? పెట్రోలుదే. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చాలా భాగం సైలెన్సర్ నుంచి పోతుంది. కొద్దిగా పిస్టన్ రింగుల సందుల్లోంచి క్రాంక్ కేసులోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే గదిలోకి, దిగుతుంది. వేడి అన్నం గిన్నె మీద మూసిన పళ్లేనికి చెమట పట్టినట్టు, ఆ ఆవిరి చల్లని మూత అడుగున నీరై, ఆయిల్‌తో కలిసి మీగడ కడుతుంది. ఇంజిన్ బాగా కాగితే అది మళ్లీ ఆవిరై బ్రీదర్ పైపు గుండా వెళ్లిపోతుంది. కాగకముందే బండి ఆపేస్తే అక్కడే నిలిచిపోతుంది.

రెండేళ్ల కిందట జనవరిలో ఒక రిటైర్డ్ మాస్టారు బండిని తోసుకుంటూ వచ్చారు. స్టార్ట్ చేస్తే ఇంకా పాడవుతుందేమోనని భయం. ఇంకో షెడ్డులో ఎనిమిది వేలు అడిగారట. ఆయన ప్రయాణమంతా పొద్దున పాల కేంద్రం, సాయంత్రం గుడి. రెండూ కిలోమీటరు లోపే. ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూపించాను. దానిమీద ఆయిల్ మామూలు రంగులోనే ఉంది. మూత తుడిచి, "గార్లదిన్నె దాకా నిదానంగా వెళ్లి రండి సార్" అన్నాను. తిరిగి వచ్చాక మూత కింద ఏమీ లేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. పింఛను డబ్బుతో బతికే మనిషిని అంత భయపెట్టినవారి మీద నాకు ఇప్పటికీ కోపమే.

అపోహ: రోజూ పొద్దున ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటుంది.

వాస్తవం: నిలబెట్టి నడిపితే ఆయిల్ సరిగా కాగదు, నీరు మాత్రం చేరుతూనే ఉంటుంది. అలా చేయడం కన్నా బండిని కదపకుండా ఉంచడమే మేలు. వారానికి ఒకసారి ఇరవై, ముప్ఫై నిమిషాలు రోడ్డు మీద ఆపకుండా నడపండి.

"మన దగ్గర అంత చలి ఎక్కడ?" అంటారు. నిజమే, ఇది లంబసింగి కాదు. కానీ అసలు కారణం చలి కన్నా చిన్న ప్రయాణాలే. ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే ఇదంతా అనేదీ సరికాదు. ఇథనాల్ రాకముందూ మూతల కింద మీగడ ఉండేది. చలికి ఆయిల్ పలచబడుతుందన్నది పూర్తిగా తలకిందుల మాట. ఖరీదైన ఆయిల్ పోస్తే నీరు చేరదన్నదీ తప్పే. రోజూ కిలోమీటరు తిరిగేవారు మాత్రం కంపెనీ చెప్పిన కిలోమీటర్లు నిండేదాకా ఆగకుండా చలికాలం ముగియగానే ఆయిల్ మార్చండి.

నిజంగా భయపడవలసిన సందర్భం వేరే ఉంది. 2022 అక్టోబరులో మా ఊళ్లోని నడిమివంక వాగు పొంగి కాలనీలు మునిగినప్పుడు చూశాను: డిప్‌స్టిక్ మీద ఆయిల్ మొత్తం పాలు కలిపిన కాఫీలా ఉండేది, మట్టం కూడా పెరిగి ఉండేది. అలాంటి బండికి కిక్ కొట్టకండి, సెల్ఫ్ నొక్కకండి. డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్ దించండి, ఎయిర్ ఫిల్టర్, కార్బ్యురేటర్ శుభ్రం చేయించండి, ప్లగ్ తీసి సిలిండర్‌లో నీరు లేదని చూసుకోండి. కొత్త ఆయిల్ పోసి కొద్దిసేపు నడిపి, అది కూడా దించి మళ్లీ పోయండి. రెండోసారి దించినదీ తెల్లగా ఉంటే మూడోసారి కూడా మార్చాలి.