అడవి నేలలో ఆమ్లం: అపోహలు – వాస్తవాలు

చౌడు నేల అంటే మన ఊళ్లలో ఎవరికైనా తెలుసు, ఆమ్ల నేల గురించి మాత్రం మాట్లాడేవాళ్లు తక్కువ. అటవీ నర్సరీలు, ప్లాంటేషన్ల పనిలో ఉన్నాను కాబట్టి నాకు తరచూ వినపడే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: నేల పీహెచ్ (ఆమ్ల గుణాన్ని చూపే అంకె, ఇది 7 కంటే ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) 7 కంటే తగ్గితే అడవికి జబ్బు చేసినట్టే.

కానే కాదు. వానలు బాగా పడే చోట కాల్షియం, మెగ్నీషియం నీళ్లతో పాటు కిందికి కొట్టుకుపోతాయి, రాలిన ఆకు కుళ్లేటప్పుడూ ఆమ్లాలు పుడతాయి, అందుకే చాలా అడవుల నేల సహజంగానే ఆమ్ల గుణంతో ఉంటుంది. గుగ్గిలం చెట్టు అలాంటి చోట హాయిగా పెరుగుతుంది. టేకు అలా కాదు, దానికి కాల్షియం కావాలి, 6.5 నుంచి 7.5 మధ్య బాగా ఎదుగుతుంది. ముందు ఏ చెట్టు పెడుతున్నారో చెప్పండి, ఆ తర్వాతే నేల పనికొస్తుందో లేదో మాట్లాడుకుందాం.

అపోహ: పీహెచ్ 5.5కీ 4.5కీ పెద్ద తేడా ఏముంది?

పది రెట్లు! పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. పైగా 5 కంటే కిందికి దిగాక మట్టిలోని అల్యూమినియం కరిగి వేరు కొసల్ని దెబ్బతీస్తుంది, ఉన్న భాస్వరం కూడా చెట్టుకు అందదు.

అపోహ: నష్టం చెట్లకే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ మాటే. నెదర్లాండ్స్‌లో ఆమ్లం పెరిగిన అడవుల్లో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల గుడ్ల పెంకులు పలచబడి పాడైపోవడం 1980లలో గమనించారు. నేలలో కాల్షియం తగ్గితే నత్తలు తగ్గాయి, పెంకు కట్టడానికి కావాల్సిన కాల్షియం ఆ పిట్టలకు నత్తగుల్లల నుంచే వచ్చేది. నత్తగుల్లలు, కోడిగుడ్డు పెంకులు అందుబాటులో పెడితే గుడ్లు మళ్లీ బాగయ్యాయి. మట్టిలో జరిగింది గూటిదాకా వెళ్లింది చూశారా!

అపోహ: సున్నం చల్లేస్తే సరిపోతుంది.

అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో ఆమ్ల వర్షాలు ఏళ్లతరబడి నేలలోని కాల్షియాన్ని కడిగేశాయి. 1999లో ఒక చిన్న వాగు పరీవాహకం మొత్తం మీద హెలికాప్టర్‌తో కాల్షియం సిలికేట్ (సున్నంలాగే ఆమ్లాన్ని తగ్గించే ఖనిజం) చల్లారు, షుగర్ మేపుల్ చెట్లు తేరుకున్నాయి. కానీ పదేళ్లు దాటాక ఆ వాగు నీళ్లలో కలిసిపోయే నత్రజని విపరీతంగా పెరిగింది, అంటే నేల దాచుకున్నది బయటికి పోవడం మొదలైంది. అందుకే మట్టి పరీక్ష లేకుండా అడవిలో సున్నం చల్లమని ఎవరైనా సలహా ఇస్తే నేను ఒప్పుకోను.

అపోహ: జామాయిల్ ఆకు రాలితేనే నేల పాడవుతుంది.

ఆకు అక్కడే కుళ్లితే అందులోని పోషకాలు చాలావరకు నేలకే తిరిగొస్తాయి. అసలు ఇబ్బంది కొట్టి మోసుకెళ్లే దాంతో. జామాయిల్‌లో కాల్షియం బెరడులో బాగా పేరుకుంటుంది, బెరడుతో సహా దుంగలు లారీకెక్కిస్తే అది కూడా పోయినట్టే, ప్రతి కోతకీ ఇలాగే చేస్తే నేల ఇంకా ఆమ్లంగా మారుతుంది. బెరడు తోటలోనే ఒలిపించండి, కొమ్మలూ ఆకులూ కాల్చకుండా వరుసల మధ్య పరిచి ఉంచండి.