వాగు పక్కన టెంట్: లడఖ్ లోయల్లో క్యాంపింగ్‌పై అపోహలు - వాస్తవాలు

ఏటా జులై, ఆగస్టుల్లో బెంగళూరు నుంచి మనవాళ్లని లడఖ్ లోయలకి తీసుకెళ్తుంటాను. గదులుండవు, కుళాయి ఉండదు, కరెంటు ఉండదు. బయల్దేరే ముందు ఒక ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్కులో అందరం కూర్చుంటాం. మార్తహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చే మన తెలుగు పిల్లలే ఎక్కువ. ప్రతిసారీ మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, టెంట్ వాగు పక్కనే వేస్తాం కదా?" వేయం.

అపోహ: ఎడారి కదా, వాన పడదు, ఆ చిన్న వాగు ఏం చేస్తుంది?

వాస్తవం: లడఖ్‌లోని లే పట్టణంలో ఏడాదంతా కలిపినా 100 మిల్లీమీటర్ల అటూ ఇటూగానే వాన పడుతుంది, కానీ కొండల మీద చెట్టూ గడ్డీ లేవు కాబట్టి గట్టిగా కురిస్తే నేల పట్టుకోలేదు, నీళ్లు రాళ్లనీ బురదనీ ఈడ్చుకుంటూ లోయలోకి దిగుతాయి. 2010 ఆగస్టు 5 రాత్రి లే చుట్టుపక్కల పడిన కుంభవృష్టికి 200 మందికి పైగా చనిపోయారు. మీ నెత్తిన చుక్కలు కనిపిస్తున్నా సరే, పైనెక్కడో కురిస్తే చాలు.

వాన లేకపోయినా వాగు పొంగుతుంది. మేం వెళ్లే లడఖ్‌లోని మార్ఖా లోయలో పారేది చాలావరకు కరిగిన మంచు, ఎండెక్కాక కరిగిన నీళ్లు కిందికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. క్యాంపు చేరగానే నీటి అంచున ఒక పొడి రాయి పెట్టి దాన్నే చూడమంటాను. టీ తాగేలోపు దాని అడుగు తడుస్తుంది, నీళ్లు బూడిద రంగుకి తిరుగుతాయి, చీకటి పడేసరికి రాయి మునిగిపోతుంది. ఒడ్డున విల్లో చెట్ల కొమ్మల్లో నడుమెత్తున ఎండుగడ్డి, పుల్లలు చిక్కుకుని ఉన్నాయేమో కూడా చూడండి, పాత వరద అంత ఎత్తుకి వచ్చిందన్నమాట. టెంట్ దానికంటే బాగా పైన వేయాలి. వాగు దాటేది కూడా పొద్దున్నే, నీళ్లు తక్కువున్నప్పుడు.

ఇంకోటి, రాత్రి చల్లగాలి లోయ అడుక్కి దిగి అక్కడే కూర్చుంటుంది. వాగు తేమ కూడా తోడైతే తెల్లారేసరికి స్లీపింగ్ బ్యాగ్ చెమ్మగా ఉంటుంది. పదిహేను ఇరవై అడుగులు పైకెళ్లి పడుకోండి, తేడా తెలుస్తుంది.

అపోహ: కొండనీళ్లు, అలాగే తాగేయొచ్చు.

వాస్తవం: పైన గొర్రెలు, గుర్రాలు, యాకులు మేస్తుంటాయి. నీళ్లు తళతళలాడినా జియార్డియా అనే కడుపు పాడుచేసే క్రిమి కంటికి కనపడదు. మొదట్లో నేనూ ఒకసారి అలాగే తాగాను, అక్కడేమీ కాలేదు, బెంగళూరు తిరిగొచ్చిన పది రోజులకి కడుపు పట్టేసింది. 3,500 మీటర్ల ఎత్తులో నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి. క్రిములు చావడానికి అది చాలు, కానీ తెర్లడం మొదలయ్యాక 3 నిమిషాలు ఉంచండి.

అపోహ: మలం మట్టిలో కలిసిపోతుందిలే.

వాస్తవం: ఆ చలికి, పొడి నేలకి తొందరగా కలవదు. నీటికి కనీసం 60 మీటర్ల దూరం, జానెడు లోతు గొయ్యి. టిష్యూలు కవర్లో వేసి వెనక్కి తెచ్చుకోండి. అంట్లు కూడా వాగులో తోమొద్దు.

అపోహ: క్యాంప్‌ఫైర్ లేకపోతే ఎలా?

వాస్తవం: అక్కడ కట్టెలు ఎక్కడివి? ఊళ్ల దగ్గరి విల్లోలు వాళ్లు ఇంటి కప్పుల కోసం నాటుకున్నవి, పిడకలు చలికాలానికి దాచుకున్నవి. స్టవ్ పట్టుకెళ్లండి.

అపోహ: బెంగళూరు దగ్గరి స్కందగిరి కొండ గంటన్నరలో ఎక్కాను, నాకేం కాదు.

వాస్తవం: బెంగళూరు 900 మీటర్ల ఎత్తు, లే 3,500. ఫిట్‌గా ఉన్నవాళ్లకీ ఎత్తు దెబ్బ (ఆల్టిట్యూడ్ సిక్‌నెస్) తగులుతుంది. లేలో కనీసం రెండు రోజులు ఊరికే ఉండండి. తలనొప్పితో పాటు వాంతులుంటే పైకి వెళ్లొద్దు, తగ్గకపోతే కిందికి దిగాలి.

ఇంత విన్నాక కూడా ఎవరో ఒకరు "మరి వాగు చప్పుడు వింటూ పడుకోలేమా అన్నా?" అంటారు. అరవై మీటర్ల దూరానికి కూడా రాత్రంతా వినిపిస్తుంది. మరీ పక్కనే పడుకుంటే ఆ హోరులో పక్క టెంట్లోంచి పిలిచినా, పైనుంచి రాయి దొర్లినా వినపడదు.